వైవాకు ఒక తెల్లకాగితం

మా క్లబ్బులో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. గొడవలుండి కాదు. ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఎవరి ఫోన్‌లో వాళ్ళం వాట్సాప్‌లో టైప్ చేసుకునేవాళ్ళం. మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చు. టైప్ చేయాలనిపిస్తే చేయొచ్చు. రెండూ వద్దనుకుంటే ఊరికే కూర్చోవచ్చు. చప్పట్లు కొట్టకూడదు. ట్యూబులైటు వేయకూడదు, దాని రొద కొందరికి బుర్రలో దూరుతుంది. ఒకరోజు వరండాలో వెళ్తున్న అటెండరు తలుపు తోసి, మసక చీకట్లో తలలు వంచుకుని కూర్చున్న మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఏమ్మా, ఎవరన్నా పోయారా?" అన్నాడు.

ఎవరూ పోలేదని నేనే చెప్పాను. క్లబ్బు తరఫున బయటివాళ్ళతో మాట్లాడే పని నాది. మిగతావాళ్ళకంటే నాకు కాస్త నోరు తిరుగుతుంది, అందుకే నన్ను ప్రెసిడెంటును చేశారు. తెలివితేటలు చూసి మాత్రం కాదు.

మాది పటమట. నాన్నకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. రేకుల మీద సుత్తులు పడే మోతలో పెరిగాను, అది నన్నేం చేయదు. పెళ్ళిలో నలుగురు చుట్టూ చేరి "ఏం చదువుతున్నావమ్మా?" అని ఒకేసారి అడిగితే మాత్రం నోరు పడిపోతుంది. ఇంటర్‌లో హాస్టల్లో వేసి రుబ్బుతుంటే, ఒకరోజు స్టడీ అవర్‌లో బల్ల కిందకు దూరి ఎంత పిలిచినా బయటకు రాలేదు. అప్పుడు అమ్మ సూర్యారావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చాలాసేపు నాతో మాట్లాడి, నాకు ఆటిజం ఉందని చెప్పింది.

"ఇన్ని మార్కులొచ్చే పిల్లకి ఆటిజం ఏంటండీ?" అని అమ్మ ఆవిడతోనే వాదన పెట్టుకుంది.

నాకైతే ఏమీ అనిపించలేదు. ఆటో ఎక్కి బెంజి సర్కిల్ దాటేదాకా అనిపించలేదు, ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకునేదాకా అనిపించలేదు. చాలా రోజుల తర్వాత, బట్టలు ఆరేస్తుంటే, సంతోషం వేసింది. నా విషయంలో అన్నీ అంతే. సందర్భం దాటిపోయాక వస్తాయి, పెళ్ళయ్యాక అందిన శుభలేఖలా. అప్పటిదాకా లోపల ఏమీ ఉండదు. జనం దాన్ని గుండె దిటవు అనుకుంటారు, లేదా రాతిగుండె అనుకుంటారు. ఆ రెండూ కాదు.

మా ఇంజనీరింగ్ కాలేజీ గన్నవరం అవతల. విమానం దిగేటప్పుడు లెక్చరర్లు మాట ఆపి, అది వెళ్ళిపోయాక మళ్ళీ అందుకునేంత దగ్గర. సెకండియర్‌లో ఉండగా క్లబ్బు పెడతానని మా డిపార్ట్‌మెంటు హెడ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మీకు ఆయన మీద కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అయినా ఆయన మంచి మనిషే. ఫీజు కట్టలేని పిల్లల కోసం ఆఫీసుతో పోట్లాడటం నేను కళ్ళారా చూశాను.

"ఆటిస్టిక్ విద్యార్థుల హక్కుల క్లబ్" అని కాగితం మీద రాసుకెళ్ళాను. సార్ చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి జరిపారు.

"హక్కులు అంటే యూనియన్ లాగా ఉంటది కదమ్మా. అవగాహన అని పెట్టుకో. అవగాహన అంటే ఎవరూ కాదనరు."

నిజంగానే ఎవరూ కాదనలేదు. అవగాహన వల్ల ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు మరి. నోటీసు బోర్డు మీద మాది అవగాహన క్లబ్బు అయింది. వాట్సాప్ గ్రూపుకు మాత్రం హక్కుల క్లబ్బు అనే పేరు పెట్టుకున్నాం. మొదటి మీటింగుకు గది నిండా జనం వచ్చారు. సర్టిఫికెట్ ఇస్తారని ఎవరో చెప్పారట. ఇవ్వమని తెలిశాక, పైగా ఎవరూ మాట్లాడకపోయేసరికి, రెండో మీటింగుకు గదిలో గాలి బాగా ఆడింది. మిగిలినవాళ్ళం కొద్దిమందిమే. ఆ కొద్దిమందిలోకి మరుసటి ఏడాది ఒక అమ్మాయి వచ్చింది.

నాకంటే రెండేళ్ళు చిన్న, మా బ్రాంచే, ఎలక్ట్రానిక్స్. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వాళ్ళ ఊరు. ఏ ఊరో రాయొద్దంది, రాయను. పేరూ రాయొద్దంది. ఈ రెండూ లేకుండా అయితే మిగతాది రాసుకోమంది. వాళ్ళ నాన్నగారు పీతలూ రొయ్యలూ కొని, ఐసు పెట్టెల్లో సర్ది పై ఊళ్ళకు పంపే వ్యాపారం చేస్తారు. ఇంట్లో ఆ అమ్మాయి మామూలుగానే మాట్లాడుతుందట. పడవెక్కితే అసలు ఆపడమే కష్టమట. కాలేజీ గేటు దాటిందంటే గొంతులోంచి శబ్దం రాదు. సిగ్గూ కాదు, భయమూ కాదు, మాట అక్కడికి వచ్చి ఆగిపోతుంది. మాలో కొందరికి అంతే. నాకు అప్పుడప్పుడు, ఆమెకు ఎప్పుడూ.

అందుకని ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కానీ ఆమె టైపింగ్‌కు నోరెక్కువ. నేను గ్రూపులో పొడుగు మెసేజ్ పెడితే, "అక్కా, దీనికి ఇంటర్వెల్ ఎక్కడ?" అని అడిగేది. ఏకాగ్రత మీద ఉపన్యాసం ఇచ్చి, మధ్యలో ఫోన్ మోగితే తీసి మాట్లాడిన లెక్చరర్ గురించి ఆమె పెట్టిన మెసేజ్ చదివి, నిశ్శబ్దంగా ఉండాల్సిన మా గదిలో అందరం ఒక్కసారి పకపకా నవ్వాం. అటెండరు మళ్ళీ తలుపు తోసి చూశాడు.

చదువులో ఆమెను కొట్టేవాళ్ళు లేరు. రాతపరీక్షల్లో ఆమె మార్కులు చూసి క్లాసంతా కుళ్ళుకునేది. చిక్కంతా ల్యాబ్ పరీక్ష చివర ఉండే వైవాతో. వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ అనే ఆయన వచ్చి కూర్చుంటాడు, నిలబెట్టి ప్రశ్నలు అడుగుతాడు, నోటితో జవాబులు చెప్పాలి. మొదటిసారి ఆమె నిలబడింది, ఆయన అడిగాడు, మాట రాలేదు. "పేరైనా చెప్పమ్మా" అన్నాడట. పేరు కూడా రాలేదు. తప్పించాడు. రెండోసారి వచ్చినాయన ఇంకా ముందుకెళ్ళి, "ఇంత పొగరు పనికిరాదు" అని అందరి ముందూ అని మరీ తప్పించాడు. ఈసారి కూడా పోతే ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఏడాది పోతే చదువే పోతుంది, ఎందుకంటే వాళ్ళ నాన్నగారు అప్పటికే మాట తేల్చేశారు. "ఇక చాల్లే తల్లీ, ఇంటికొచ్చెయ్" అన్నారట. కోపంతో కాదు. పిల్ల పడుతున్న అవమానం చూడలేక.

ఆయన నన్ను ఒకసారి కాలేజీ గేటు దగ్గర కలిశారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు, నేనేదో పెద్దదాన్నయినట్టు.

"మా పిల్లకి జబ్బేం లేదమ్మా. మాట తక్కువ, అంతే. మీ క్లబ్బులో ఉంటే ఉండనియ్యండి. దానికీ ఒక తోడు. కానీ ఆ మాట మాత్రం బయట అననియ్యకండి. మావోళ్ళు నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

ఎవరమూ అనం అని మాటిచ్చాను. లోపలికి వచ్చాక ఆమెకు ఈ సంగతి టైప్ చేస్తే, "మా నాన్న కోసం కాదక్కా. నాకే ఇష్టం లేదు. మీరు బోర్డు కట్టుకుని తిరుగుతారు, బాగుంటుంది. నేను కట్టుకోను" అని జవాబిచ్చింది. అదీ హక్కే. మా గ్రూపు పేరులో ఉన్న మాటకు అది కూడా అర్థమే అని నాకు ఆ రోజు తెలిసింది.

క్లబ్బు కాలేజీని అడిగింది ఒక్కటే. మాట రాని విద్యార్థి వైవాలో జవాబు కాగితం మీద రాసి చూపించొచ్చు అని ఒక ఆర్డరు. ఎవరి కోసమో చెప్పలేదు. సార్‌కు తెలుసు, ఆమె ఆయన డిపార్ట్‌మెంటే. ప్రతిసారీ, "చూద్దాంలేమ్మా, పైవాళ్ళతో మాట్లాడతా" అనేవారు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే. ఆయన అబద్ధం చెప్పలేదు, చూద్దామనే అనుకుని ఉంటారు. పరీక్షలు మాత్రం చూస్తూ ఆగవు కదా.

మా ల్యాబ్ అసిస్టెంటు మా తిరుగుడంతా చూసి ఒకరోజు జాలిపడ్డాడు. "ఇట్టా తిరిగితే చెప్పులరుగుతయ్యమ్మా. సార్‌కి ఒక శాలువా కప్పండి. పని అయిపోద్ది" అన్నాడు.

ఇది లంచం కాదు. మా వైపు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బెజవాడలో ప్రమోషన్ వస్తే శాలువా, రిటైరైతే శాలువా, పుట్టినరోజుకు శాలువా. ఏ కారణమూ దొరక్కపోతే మర్యాదపూర్వకంగా కలిసి శాలువా. ఎవరూ ఆ శాలువా కప్పుకుని చలి కాచుకోరు, ఇక్కడ చలి ఎక్కడేడ్చింది. అది ఒకరి బీరువాలోంచి ఇంకొకరి బీరువాలోకి తిరుగుతుంటుంది. కానీ ఒకసారి భుజాల మీద పడ్డాక మనిషి మెత్తబడతాడు. సన్మానం చేసినవాళ్ళ పని చేయకపోతే బాగోదన్న మొహమాటం పుడుతుంది. ఆ మొహమాటం మీదే మా జిల్లాలో సగం పనులు జరుగుతాయి.

గ్రూపులో చర్చ పెట్టాం. జనం, మైకు, పొగడ్తలు, ఒకరి మీద ఒకరు చేతులు వేయడం, ఇవన్నీ పడని మనుషులం మేము. మేమే కూర్చుని సన్మానం ఎలా చేయాలో సీరియస్‌గా మాట్లాడుకున్నాం. నవ్వు రావాల్సింది, ఎవరికీ రాలేదు. ఆ అమ్మాయి అన్నీ చదివి, "కప్పండి. శాలువాకీ నోరు లేదు, నాకూ లేదు. దాని మాట సార్ వింటారేమో. నన్ను మాత్రం స్టేజీ మీదకి పిలవకండి" అని పెట్టింది. సరే అన్నాం.

మా గదిలోనే, మేమూ సారూ, ఐదు నిమిషాల్లో తేల్చేద్దాం అనుకున్నాం. సార్‌కు చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. "గదిలో ఏంటమ్మా, ఆడిటోరియంలో చేద్దాం. అవగాహన సదస్సు అందాం" అన్నారు. తర్వాత పనులు వాటంతటవే పెరిగాయి. ముఖ్య అతిథిగా ఒక పెద్దాయన వచ్చారు. సార్ ఫొటోతో, ముఖ్య అతిథి ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆటిజానికి గుర్తట, నీలం బెలూన్లు తెచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం. కుర్చీలు నిండాలి కాబట్టి క్లాసులు రద్దు చేసి అందరినీ ఆడిటోరియంకు తోలారు, అటెండెన్సు అక్కడే అన్నారు. అలా ఆ అమ్మాయి కూడా రావాల్సి వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఖరి వరుసలో గోడవార కూర్చుంది.

శాలువా నేనే కప్పాను. ఎర్రటి శాలువా, జరీ అంచు, లోపలి మడతలో ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి అంటుకుని ఉంది. అది సార్ మెడకు గుచ్చుకుంటుందేమో అని చూస్తున్నాను. ఆయన మైకు అందుకున్నారు. మొదట క్లబ్బును మెచ్చుకున్నారు. తర్వాత వైవా సంగతి ఎత్తారు. మాట రాని పిల్లలు ఇకనుంచి రాసి చూపించొచ్చని, ఆర్డరు సంతకం అయిపోయిందని చెప్పారు. మేము అడిగిందంతా ఆ రెండు వాక్యాల్లో దొరికింది. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది.

కానీ ఆయనకు ఏడుపొచ్చింది. నటన కాదు. కళ్ళు తుడుచుకుని, "నాకు కాదు ఈ సన్మానం జరగాల్సింది. మన కాలేజీలో ఒక బంగారుతల్లి ఉంది. భగవంతుడు మాట ఇయ్యలేదు గానీ సరస్వతిని ఇచ్చాడు. ఆ తల్లిని స్టేజీ మీదకి తీసుకురండమ్మా" అన్నారు. పేరు పెట్టి పిలిచారు. ఏ ఊరో చెప్పారు. ఆటిజం అని మైకులో చెప్పారు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పక్కనున్న అమ్మాయిలు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని, చాలా ప్రేమగా నడిపించుకొచ్చారు. హెడ్‌ఫోన్స్ ఎవరో మర్యాద కోసం తీసేశారు. సార్ తన భుజాల మీది శాలువా తీసి ఆమెకు కప్పారు. మా వైపు పెద్దమనుషులు చేయగలిగిన గొప్ప మర్యాద అది, తనకు కప్పిన శాలువాను తీసి ఇంకొకరికి కప్పడం. ఆడిటోరియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముఖ్య అతిథి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. ఫొటోగ్రాఫర్ "ఇటు చూడమ్మా, ఇటు" అంటున్నాడు. ఆమె నేల చూస్తోంది. చేతులు రెండూ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి.

నేను పక్కనే ఉన్నాను. ఆపండి సార్ అనాలి. రెండు మాటలు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. లోపల కరెంటు పోయినట్టు అంతా ఆగిపోయింది. భయం లేదు, కోపం లేదు, సిగ్గు లేదు. చప్పట్లు ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టు ఉన్నాయి. వంద ఫోన్లు పైకి లేచి ఉన్నాయి, అది మాత్రం చూశాను.

ఆ సాయంత్రం మా అమ్మకు జరిగింది చెబితే, వంకాయలు తరుగుతూ విన్నది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనే" అంది. నేను అన్నం పెట్టమన్నాను.

మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. వీడియో అంతకు ముందే అందరి స్టేటస్‌లలోకీ ఎక్కింది. వాళ్ళ నాన్నగారు పీతలు తూకం వేయిస్తుంటే ఎవరో ఫోన్ చూపించి, "మీ అమ్మాయే కదండీ, పాపం" అన్నారట. ఆ పాపం అన్న మాట దగ్గరే ఆయన తూకం వదిలేసి బస్సెక్కారు. కాలేజీకి వచ్చి కూతుర్ని చూశారు గానీ సార్‌ను కలవలేదు. నన్ను పిలిపించారు. చేతిలో క్యారీ బ్యాగు, అందులో నీటుగా మడతపెట్టిన శాలువా.

"ఇది మీరే ఉంచండమ్మా. మాకెందుకు?" అన్నారు.

తీసుకున్నాను. నేను ఆయనకు ఇచ్చిన మాట ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరం ఎత్తలేదు. తర్వాత ఆయనే, "సార్ మంచోరే. కాదనను. మంచోరు చేసిందానికి ఎవురితో చెప్పుకుంటాం?" అన్నారు. ఆమెను ఇంటికి తీసుకెళ్ళిపోతారనుకున్నాను. తీసుకెళ్దామనే వచ్చారట, ఆమె రానందట. పరీక్ష రాసే వస్తానందట. ఆయన ఒంటరిగా బస్సెక్కి వెళ్ళారు.

తర్వాత కాలేజీ ఆమెతో చాలా బాగుంది. అదే కష్టం. క్యాంటీన్‌లో ఆమెకు ముందు దారి ఇచ్చేవాళ్ళు. లెక్చరర్లు ఆమెతో ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, చేతులు ఊపుతూ మాట్లాడేవాళ్ళు. "నాకు చెవుడు కూడా వచ్చినట్టుందక్కా, ఎవరూ చెప్పలేదు" అని ఒకరోజు గ్రూపులో పెట్టింది. నవ్వించడానికే పెట్టింది. అందరం నవ్వు బొమ్మలు పెట్టాం. ఆ తర్వాత ఆమె గ్రూపులో మాట తగ్గించింది, మీటింగులకు రావడం మానేసింది. అంతకు ముందు ఆమె ఎవరికీ ఏమీ కాదు, మాట తక్కువ ఉన్న తెలివైన పిల్ల, అంతే. ఇప్పుడు ఆమెను చూడగానే జనం మొహంలో ఒక మెత్తదనం వచ్చేది. ఆ మెత్తదనం చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపించేది. ఇన్నాళ్ళకు, ఆలస్యంగా, కోపం వచ్చింది. వచ్చేసరికి ఎవరి మీద చూపించాలో తెలియలేదు. సార్ నేను కనిపించినప్పుడల్లా, "చూశావామ్మా, ఎంత మార్పొచ్చిందో!" అని సంతోషంగా భుజం తట్టేవారు.

వైవాకు ముందు రోజు గ్రూపులో ఒకబ్బాయి డౌటు అడిగాడు. ఆసిలేటర్ అంటే ఏమిటో ఎంత చదివినా ఎక్కడం లేదన్నాడు. జవాబు ఆమె నుంచి వచ్చింది. మైకు స్పీకర్ ఎదురుగా పెడితే కూత ఎందుకు పెడుతుందో అక్కడ మొదలుపెట్టింది. స్పీకర్‌లోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులో దూరి, పెద్దదై బయటకొచ్చి, మళ్ళీ దూరడం. బయటినుంచి ఎవరూ ఏమీ అనకపోయినా, తన గొడవ తనే తిని బతికే చప్పుడు అని రాసింది. ఆ కూతను అదుపులో పెట్టి, ఒకే స్వరం మీద నిలబెడితే అదే ఆసిలేటర్ అని తేల్చింది. నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివి నాకు అది అంత సుబ్బరంగా అర్థమైంది ఆ రోజే.

పరీక్ష రోజు నేను ల్యాబ్ బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కిటికీ అద్దాలు సగం తెరిచి ఉన్నాయి, లోపలి మాటలు వినబడుతున్నాయి. ఆమె వంతు వచ్చేసరికి ఎక్స్‌టర్నల్ గారు కుర్చీలోంచి సగం లేచినట్టున్నారు, కుర్చీ కిర్రుమంది. పెద్దాయన, గొంతు మెత్తన.

"నువ్వేనా అమ్మా! చూశాను వీడియో. మా ఆవిడకి కూడా చూపించా. కూర్చో తల్లీ, నువ్వు నిలబడొద్దు. ఇదిగో, తెల్లకాగితం. పెన్ను ఉందా? నిదానంగా రాయి, తొందరేం లేదు."

మా కాలేజీ మేడమ్ ఒకరు, "ఒక్క నిమిషం సార్, హెడ్ గారు ఫొటో తీయించమన్నారు. తను రాస్తున్నట్టు" అన్నారు.

తర్వాత బల్ల మీద కాగితం జరిగిన చప్పుడు వినిపించింది. జరిపింది తన వైపుకి కాదు. కిటికీలోంచి చూశాను. ఆమె కాగితాన్ని ఆయన వైపుకే తోసి, కుర్చీలోంచి లేచి, మిగతా పిల్లలు నిలబడే చోట నిలబడింది.

"వద్దు సార్."

ఎవరన్నారా అని ఇటూ అటూ చూశాను. అంత కాలం పరిచయంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను అనుకున్నదాని కంటే బొంగురుగా ఉంది. బరువైన బీరువా జరిపినట్టు, ఒక్కో అక్షరమూ ఈడ్చుకుంటూ బయటకొచ్చింది. ఆమె మెడ మీది నరం ఉబ్బింది, చేతులు రెండూ చున్నీ కొసను మెలిపెడుతున్నాయి.

పెద్దాయన కాస్త తడబడి, "సరే అమ్మా, నీ ఇష్టం. ఆసిలేటర్ అంటే ఏంటో చెప్పు" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"రాదు సార్."

"పోనీ, ఆంప్లిఫైయర్ ఎందుకు వాడతాం?"

"రాదు సార్."

ఇంకో ప్రశ్న. మళ్ళీ అదే మాట. ప్రతిసారీ అంతే కష్టం మీద వస్తోంది, కానీ వస్తోంది. మేడమ్ ఫోన్ కిందికి దించేసింది. పాఠం చదవకుండా వచ్చిన ఒక మామూలు పిల్లను రాస్తున్నట్టు ఫొటో ఎలా తీస్తారు? పెద్దాయన గొంతులో మెత్తదనం నెమ్మదిగా పోయింది, మామూలు పరీక్షల విసుగు వచ్చింది.

"ఏంటమ్మా, ఒక్కటన్నా చదువుకుని రావద్దా? సర్లే. నోరు తెరిచి రాదని చెప్పావు, అదన్నా నయం. పాస్ మార్కులు వేస్తాలే, వెళ్ళు. తర్వాత ఎవరమ్మా?"

అన్నీ తెలిసి నోరు తెరవనందుకు ఆమెను రెండుసార్లు తప్పించారు. ఏమీ తెలియదని నోరు తెరిచినందుకు పాస్ చేశారు.

ఆమె బయటకు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నీళ్ళ సీసా మూత తీయబోతే రాలేదు. నేను తీసి ఇచ్చాను. సగం తాగి, ఒళ్ళో పెట్టుకుంది. మాట్లాడితే నాకూ వచ్చేలా లేదు, ఫోన్ తీసి టైప్ చేశాను.

"నీకు అన్నీ వచ్చు కదా."

ఆమె చదివింది. లోపల ఎవరో కుర్రాడు ఎక్స్‌టర్నల్ గారికి ఏదో గడగడా తప్పు జవాబు చెబుతున్నాడు. అప్పుడు నా ఫోన్ వెలిగింది.

"వచ్చు. కానీ రానివాళ్ళని ఎవరూ ఫొటో తీయరక్కా."

నేను చదివానో లేదో నా మొహంలోకి చూసి, వాళ్ళ నాన్నకు పాసయ్యానని మెసేజ్ పెట్టుకోవడం మొదలుపెట్టింది.